విద్య మనది, ఖనిజం మనది, స్ఫటికం పరాయిది

ఢిల్లీ శివార్లలోని సాహిబాబాద్‌లో ఉన్న సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వరంగ సంస్థను 210 కోట్ల రూపాయలకు ఒక ప్రైవేటు కంపెనీకి విక్రయించాలని కేంద్ర ప్రభుత్వం 2021 నవంబరులో నిర్ణయించినపుడు పెద్ద దుమారమే లేచింది. ధర మరీ తక్కువన్నారు. సంస్థ చేతిలోని భూమి విలువే అంతకు మించి ఉంటుందన్నారు. కొనుగోలుదారుకు ఈ రంగంలో అనుభవం లేదన్నారు. ఉద్యోగుల సంఘం ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టింది. 2022 జనవరిలో అమ్మకాన్ని నిలిపివేసిన ప్రభుత్వం ఆ ఏడాదిలోనే దానిని పూర్తిగా విరమించుకున్నది. 2025లో అదే సంస్థకు మినీరత్న హోదా దక్కింది. నాలుగేళ్లయినా తిరగకముందే అమ్మకపు సరుకు కాస్తా రత్నంగా మారిపోయింది!

అంత రభసలోనూ ఆ సంస్థ అసలేమి తయారుచేస్తున్నదన్న ప్రశ్న పెద్దగా వినిపించలేదు. 1977లో దేశంలో తొలి సౌర ఘటాన్ని తయారు చేసింది ఈ సంస్థేనన్న సంగతి కొందరికి తెలుసు. రాడార్లలో వాడే భాగాలను అందిస్తున్నదని రక్షణరంగ పరిశీలకులకు తెలుసు. మూడవ సరుకు గురించే ఎవరికీ పట్టలేదు. అది చూడటానికి పింగాణీ బిళ్లలా ఉంటుంది. దానిపై వెండి పూత ఉంటుంది. దాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుంది, విద్యుత్తు ఇస్తే అది సాగి ముడుచుకుంటుంది. శాస్త్ర పరిభాషలో దీనిని పీడన విద్యుత్ ధర్మమంటారు, ఇంగ్లీషువారి పీజో ఎలక్ట్రిసిటీ ఇదే. వంటింట్లో గ్యాస్ పొయ్యి వెలిగించే లైటర్‌లో టక్కుమని శబ్దం చేసేది ఇటువంటి బిళ్లపై పడే సుత్తిదెబ్బే. ఆ ఒక్క దెబ్బకు వేల వోల్టుల పీడనం పుట్టి నిప్పురవ్వ ఎగురుతుంది. జలాంతర్గామిని పసిగట్టే సోనార్‌కూ, గర్భస్థ శిశువును చూపే స్కానింగ్ యంత్రానికీ ఇదే ప్రాణాధారం. సెల్‌ఫోన్ నుంచి ఉపగ్రహం దాకా ప్రతి పరికరానికీ కాలమానం చెప్పేది ఇదే కుటుంబానికి చెందిన పలుగురాతి స్ఫటికం.

ఈ సరుకు విషయంలో భారతదేశం పరిస్థితి విచిత్రమైనది. దీని వెనుకనున్న శాస్త్రాన్ని మలచినవారిలో మనవారున్నారు. దీనికి కావలసిన ఖనిజాలు మన తీరాల్లోనూ, మన గనుల్లోనూ ఉన్నాయి. తయారైన సరుకులో అధికభాగం మాత్రం జపాను, తైవాను, చైనాల నుంచి రావలసిందే.

బూడిదను లాగిన సింహళ రాయి

ఈ కథకు నాంది దక్షిణాసియాలోనే పడింది. పద్దెనిమిదో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో డచ్చి వర్తకులు సింహళం నుంచి ఐరోపాకు ఒక రంగురాయిని తీసుకువెళ్లారు. దానిని వేడి బూడిదలో ఉంచితే బూడిదను తనవైపు లాక్కునేది, కాసేపటికి మళ్లీ నెట్టివేసేది. పొగాకు గొట్టాల్లోని బూడిద తీయటానికి డచ్చివారు దానిని వాడుకున్నారు, సింహళపు అయస్కాంతమని పేరు కూడా పెట్టారు. టూర్మలీన్ అన్న నేటి పేరు సింహళ పదం నుంచి వచ్చినదే. వేడిచేస్తే విద్యుదావేశం పుట్టే స్ఫటికాన్ని నొక్కితే ఏమవుతుందన్న ప్రశ్నను పారిస్‌లో క్యూరీ సోదరులు జాక్, పియరీ 1880లో వేసుకున్నారు. అప్పటికి అన్న వయసు 24, తమ్ముడి వయసు 21. టూర్మలీన్, పలుగురాయి, పుష్యరాగం, చెరకు పంచదార స్ఫటికం వంటివన్నీ నొక్కితే విద్యుత్తునిస్తాయని వారు నిరూపించారు. పటికబెల్లం ముక్కకూ ఈ గుణమున్నదన్నమాట. నొక్కితే విద్యుత్తు రావటం నిజమయితే విద్యుత్తు ఇస్తే స్ఫటికం ఆకారం మారాలని మరుసటి ఏడాది లిప్‌మన్ లెక్కగట్టి చెప్పగా, సోదరులు దానినీ ప్రయోగంలో చూపారు. ఆ తరువాత 1898లో మేరీ క్యూరీ యురేనియం ఖనిజాల కిరణాలను కొలిచింది కూడా ఈ పలుగురాతి సాధనంతోనే.

ఎందుకిలా జరుగుతుంది? స్ఫటికంలో పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. కొన్ని ధనావేశం గలవి, కొన్ని ఋణావేశం గలవి. ఉప్పుకల్లులో ఈ అమరిక ఎటునుంచి చూసినా ఒకటే, నడిబొడ్డున ఒక కేంద్రం చుట్టూ సరిసమానంగా ఉంటుంది. దానిని ఎంత నొక్కినా రెండు ఆవేశాలూ సమంగానే సర్దుకుంటాయి. పలుగురాయిలో అటువంటి కేంద్రం లేదు. నొక్కగానే ధనావేశాల మధ్యబిందువు ఒకవైపు, ఋణావేశాల మధ్యబిందువు మరొకవైపు జరుగుతాయి. దానితో ఒక ముఖంపై ధనావేశం, ఎదుటి ముఖంపై ఋణావేశం తేలుతాయి. ప్రకృతిలోని స్ఫటికాలన్నీ సౌష్ఠవాన్ని బట్టి 32 తరగతులు. వాటిలో కేంద్రం లేనివి 21, ఆ 21లో ఒక్కటి మినహా మిగిలిన 20 తరగతులకూ ఈ గుణం ఉన్నది.

ఒక స్ఫటికాన్ని ఏ దిక్కున నొక్కితే ఏ దిక్కున ఎంత విద్యుత్తు పుడుతుందో పూర్తిగా చెప్పటానికి ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికమైతే 18 సంఖ్యలు కావాలి. పలుగురాయికి రెండు చాలు. ప్రయోగశాలలో అడుగుపెట్టకుండానే, కేవలం సౌష్ఠవాన్ని బట్టి, ఈ సంఖ్యలను గణితంతో తేల్చే పద్ధతిని విస్తృతంగా అభివృద్ధి చేసినవారిలో ఒకరు కృష్ణా జిల్లాలో 1909లో పుట్టిన సూరి భగవంతం. సి.వి.రామన్ శిష్యుడైన ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశారు. టి.వెంకటరాయుడుతో కలిసి భౌతికశాస్త్రంలో సమూహ సిద్ధాంతంపై గ్రంథం రాశారు. 1966లో స్ఫటిక సౌష్ఠవంపై ఆయన వెలువరించిన పుస్తకం ఆ రంగంలో ప్రామాణికమైనది. ఆ పుస్తకం వెలువడేనాటికి ఆయన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు కూడా. స్ఫటికాల గణితం తెలిసిన మనిషి దేశ రక్షణ పరిశోధనకు అధిపతిగా ఉన్న కాలమది. ఆయన ఆ పదవి వదిలిన రెండేళ్లకే నౌకాదళానికి ఈ విషయంలో చేదు అనుభవం ఎదురయింది.

సముద్రం కింద చెవి

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి విశాఖపట్నం తీరాన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ విజయం వెనుకనే డిసెంబరు 9న డయ్యూ సమీపంలో సంభవించిన నష్టాన్ని అంతగా తలచుకోరు. పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడో దెబ్బకు ఐఎన్ఎస్ ఖుక్రీ నిమిషాల్లో మునిగిపోయింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకతోపాటే జలసమాధి అయ్యారు. మొత్తం 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. ఫ్రాన్సు నుంచి కొన్న హంగోర్ మన నౌకలను ఎంత దూరాన వినగలిగిందో, మన నౌకల సోనార్ అంత దూరాన దానిని వినలేకపోయింది. యుద్ధనౌక ఉక్కు ఎంత గట్టిదైనా చెవి మందమయితే ఫలితమిదే.

నీటిలో రేడియో తరంగాలు కొద్దిదూరంలోనే అణగారిపోతాయి. ధ్వని మాత్రం మైళ్ల దూరం పోతుంది. అందువల్ల నౌక అడుగున వందల కొద్దీ పింగాణీ బిళ్లలను పేర్చి, వాటికి విద్యుత్తునిచ్చి కంపింపజేసి నీటిలోకి శబ్దాన్ని పంపుతారు. ప్రతిధ్వని తిరిగి వచ్చి అవే బిళ్లలను నొక్కినపుడు పుట్టే అతి స్వల్ప విద్యుత్తును విని శత్రువు ఎంత దూరాన, ఏ దిశన ఉన్నాడో లెక్కగడతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో లాంజెవిన్ ఈ పనికి పలుగురాతిని వాడాడు. నేడు వాడేది సీసం, జిర్కోనియం, టైటానియంల ఆక్సైడుతో చేసిన పింగాణీ. ఒకే ఒత్తిడికి పలుగురాయి కంటే ఇది వంద రెట్లకు పైగా ఆవేశాన్నిస్తుంది. దీనిని కొలిమిలో కాల్చి, బలమైన విద్యుత్ క్షేత్రంలో ఉంచి లోపలి కణాలను ఒకే దిశకు తిప్పవలసి ఉంటుంది. పొడి కలపటంలోనో, కాల్చటంలోనో కొద్దిపాటి తేడా వచ్చినా వంద బిళ్లలు వంద రకాలుగా పలుకుతాయి. అన్నీ ఒకే శ్రుతిలో ఉంటే తప్ప సోనార్‌కు దిశ తెలియదు. ఈ పరిశ్రమలో కష్టమంతా ఇక్కడే ఉన్నది. సూత్రం ఏ కళాశాల విద్యార్థికయినా తెలుసు. లక్ష బిళ్లలను ఒకే తీరున తీయటం మాత్రం ఏళ్ల తరబడి చేయి తిరిగితేగాని రాదు.

ఖుక్రీ విషాదం తరువాత నౌకాదళ అధికారి ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ పాత సోనార్లను మెరుగుపరిచారు. కొచ్చిలోని నౌకాదళ భౌతిక, సముద్రవిజ్ఞాన ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన రూపొందిన అప్సో అనే దేశీయ సోనార్ 1980ల తొలినాళ్లలో నౌకలపైకి చేరింది. భారత్ ఎలక్ట్రానిక్స్ దానిని తయారు చేసింది. విశాఖలోని నౌకాదళ శాస్త్ర, సాంకేతిక ప్రయోగశాల రూపొందించగా భారత్ డైనమిక్స్ తయారు చేస్తున్న వరుణాస్త్ర టార్పెడో 2016లో నౌకాదళానికి అందింది. దాని ముక్కున ఉండే చెవి కూడా ఈ జాతిదే. తప్పనిసరి అయినపుడు, కొనుగోలుదారు ప్రభుత్వమే అయినపుడు, ఈ సరుకు దేశంలో తయారవుతుందనటానికి ఇవి నిదర్శనాలు. బజారు సరుకు దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది.

గడియారం నేర్పిన పాఠం

పలుగురాతిని సన్నని పలకగా కోసి విద్యుత్తునిస్తే అది తనదైన ఒకే వేగంతో కంపిస్తుంది. చేతి గడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు వరుసగా సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది. అదే సెకను ముల్లు కదలిక. జపానుకు చెందిన సైకో సంస్థ 1969 డిసెంబరులో తొలి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని విడుదల చేసిన తరువాత స్విట్జర్లాండులో తరాలుగా సాగిన కీ గడియారాల పరిశ్రమ కుదేలయింది. మన దేశంలో 1961లో జపాను సిటిజన్ సంస్థ సహకారంతో గడియారాలు మొదలుపెట్టిన హెచ్ఎంటీ ఈ మార్పును సకాలంలో గుర్తించలేదు. 1984లో ఏర్పడిన టైటాన్ మొదటి నుంచీ స్ఫటికం మీదే పందెం కాసింది. చివరకు 2016లో హెచ్ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. బియ్యపుగింజంత రాయి ఒక జాతీయ పరిశ్రమను మూయించిందనటం కొంత అతిశయోక్తే అయినా, పూర్తిగా అబద్ధం కాదు.

నేడు గడియారం కంటే ముఖ్యమైనవి ఫోన్లు, ఉపగ్రహాలు. కంప్యూటర్ చిప్‌కు తాళం వేసేది స్ఫటికమే. ఫోన్‌లో ఒక్కొక్క తరంగ దైర్ఘ్యాన్ని వడపోసే ఫిల్టర్లు కూడా పీడన విద్యుత్ పదార్థాలతో చేసినవే. వీటి ప్రపంచ విపణి జపాను, అమెరికాలకు చెందిన కొద్ది కంపెనీల గుప్పిట్లో ఉన్నది. పరమాణు గడియారం లోపల సైతం చివరకు కంపించేది పలుగురాయే, దాన్ని దారి తప్పకుండా చూడటమే పరమాణువుల పని. మన నావిక్ ఉపగ్రహాలలో మొదటిదానిలో విదేశాల నుంచి కొన్న మూడు రుబీడియం గడియారాలూ 2016లో వరుసగా విఫలమయ్యాయి. దేశీయంగా చేసిన రుబీడియం గడియారం 2023 మే 29న ఎన్‌వీఎస్-01తో కక్ష్యలోకి వెళ్లింది. కొన్న గడియారం ఆగిపోతే దిక్సూచి వ్యవస్థే ఆగిపోతుందన్నది ఖరీదైన పాఠం.

అడుగుల విద్యుత్తు మాయ

పీడన విద్యుత్తు పేరు పత్రికలకెక్కేది మాత్రం మరొక కారణంగా. నడిస్తే విద్యుత్తు పుట్టే పలకలు, వాహనాలు వెళితే దీపాలు వెలిగే రహదారులు అంటూ తరచు ప్రకటనలు వెలువడుతుంటాయి. వాటి కోసం ప్రజాధనం కోరేవారూ లేకపోలేదు. లెక్క వేసి చూడటం అవసరం. అరవై కిలోల మనిషి పలకపై కాలు మోపితే పలక ఐదు మిల్లీమీటర్లు దిగుతుందనుకుంటే దక్కేది మూడు జౌళ్ల శక్తి. ఒక యూనిట్ విద్యుత్తు అంటే 36 లక్షల జౌళ్లు. అంటే ఒక్క అణువూ వృథా కాకపోయినా యూనిట్‌కు 12 లక్షల అడుగులు పడాలి. రోజుకు లక్షమంది ప్రయాణికులు వచ్చే స్టేషనులో ప్రతి మనిషీ పదిసార్లు ఆ పలకలను తొక్కినా యూనిట్ నిండదు. అందులో పదోవంతు చేతికి దక్కిందనుకున్నా, దానితో వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె అయిదు నిమిషాలు నడుస్తుంది. నిజానికి పింగాణీ బిళ్ల ఐదు మిల్లీమీటర్లు కాదుగదా, వెంట్రుక మందమైనా అణగదు, కనుక దక్కేది ఇంకా తక్కువ. అదే స్టేషను కప్పుపై ఒక్క చదరపు మీటరు సౌర ఫలకం పెడితే ఎండకాసే రోజున ఇంచుమించు ఒక యూనిట్ వస్తుంది. టోక్యో రైల్వే స్టేషనులో 2006, 2008 సంవత్సరాల్లో ఇటువంటి పలకలను పరీక్షించి చూశారు. దేశాన్ని వెలిగించే విద్యుత్తు అక్కడా పుట్టలేదు. రహదారి సంగతి మరీ విడ్డూరం. పలక అణగటానికి ఖర్చయ్యే శక్తి పైన పోతున్న బండి పెట్రోలు నుంచే వస్తుంది. అది ఉచిత విద్యుత్తు కాదు, వాహనదారుడికి చెప్పకుండా వసూలు చేసే సుంకం.

అలాగని అన్నీ కొట్టిపారేయదగినవి కావు. వంతెన కంపనాలతోనో, యంత్రం అదురుతోనో బతికే చిన్న సంవేదకాలకు బ్యాటరీ మార్చే బాధ తప్పుతుంది. వాటికి కావలసింది వాటులో వెయ్యో వంతు మాత్రమే. పీడన విద్యుత్తుకు తగిన చోటు అది. బొగ్గుకూ, ఎండకూ పోటీగా దానిని నిలబెట్టటం వల్ల నష్టం ఏమంటే, దాని అసలు విలువ జనానికి కనబడకుండా పోతున్నది.

ఖనిజం ఇసుకలోనే ఉన్నది

పింగాణీకి కావలసిన జిర్కోనియం, టైటానియం ఖనిజాలు కేరళలోని చవర, తమిళనాడులోని మణవాళకురిచ్చి, ఒడిశాలోని ఛత్రపూర్ తీరపు ఇసుకలో దొరుకుతున్నాయి. భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాలలోనూ ఈ నిల్వలున్నాయి. జిర్కోనియంను శుద్ధిచేసే విద్య అణు ఇంధనం కోసం హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకు దశాబ్దాలుగా కరతలామలకం. సీసం రాజస్థాన్ గనుల్లో ఉన్నది. అయితే ఈ పింగాణీ బరువులో 60 శాతానికి పైగా సీసమే కావటం మున్ముందు సమస్య కానున్నది. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని 2006 నుంచి నిషేధించిన ఐరోపా సమాజం, సరైన ప్రత్యామ్నాయం లేనందున ఈ పింగాణీకి మాత్రం మినహాయింపు ఇస్తూ వచ్చింది. ఆ మినహాయింపు శాశ్వతం కాదు. సోడియం, పొటాషియం, నయోబియంలతో సీసం లేని పింగాణీని జపాను శాస్త్రజ్ఞులు 2004లో చూపిన తరువాత అన్ని దేశాల్లోనూ పోటీ మొదలయింది. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ సహా మన ప్రయోగశాలలూ ఈ అన్వేషణలో ఉన్నాయి. అందరూ కొత్తగా మొదలుపెడుతున్న పందెంలో వెనుకబడిన దేశానికి ఒక అవకాశం ఉంటుంది. పాత పందెంలో అది ఉండదు.

పలుగురాయి సంగతి వేరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా రేడియోల కోసం బ్రెజిల్ గనుల నుంచి మచ్చలేని రాళ్లను ఏరి తెచ్చుకునేది. ఆ పరాధీనత తప్పించుకోవటానికే కర్మాగారంలో స్ఫటికాలు పెంచే పద్ధతిని 1950లలో వ్యాపారస్థాయికి తెచ్చింది. మందపాటి ఉక్కు పాత్రలో అడుగున శుద్ధమైన పలుగురాతి ముక్కలు, పైన విత్తనంగా పలుచని స్ఫటికపు పలకలు ఉంచి, క్షారజలంతో నింపి 350 డిగ్రీల దగ్గర, వెయ్యి వాతావరణాలకు మించిన పీడనంలో వారాల తరబడి వదిలేస్తారు. రాయి అడుగున కరిగి పైన పేరుకుంటుంది. ఇప్పుడు ప్రపంచం వాడేది ఎక్కువగా ఇలా పెంచిన స్ఫటికాన్నే. నెల్లూరు జిల్లాలోని అభ్రకపు గనుల ప్రాంతం నుంచి పలుగురాయి మాత్రం నేటికీ ముక్కలుగానో, పొడిగానో ఎగుమతి అవుతున్నది. టన్నుల లెక్కన పోయేది రాయి, గ్రాముల లెక్కన తిరిగి వచ్చేది స్ఫటికం.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చున్నదని అనలేము. ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీకి 22,919 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 మార్చిలో ఆమోదించింది. ఆ పథకంపై జరిగిన చర్చ అంతా డిస్‌ప్లేలు, కెమెరా మాడ్యూళ్లు, సర్క్యూట్ బోర్డులు, లిథియం సెల్స్ చుట్టూనే తిరిగింది. ఫోన్లను ఇక్కడ కూర్చి ఎగుమతి చేయటం ఘనకార్యమే. ఆ ఫోన్ ఖరీదులో స్ఫటికం వాటా కొద్ది రూపాయలే కావచ్చు. అది లేకపోతే ఫోన్ పలకదు. తక్కువ ధర, ఎక్కువ నైపుణ్యం, నెమ్మదిగా వచ్చే లాభం అన్న మూడు లక్షణాలూ ఉన్న సరుకును ప్రైవేటు పెట్టుబడి తనంతట తాను వెతుక్కుంటూ రాదు. సాహిబాబాద్ సంస్థ వంటిది ఉండవలసింది ఇటువంటి చోటనే. నౌకాదళం ఆర్డర్లు ఆధారంగా నేర్చిన నైపుణ్యాన్ని వైద్య పరికరాలకు, పరిశ్రమలకు విస్తరింపజేసేంత పెట్టుబడి దానికి ఇస్తారా లేదా అన్నదే మినీరత్న హోదాకు అసలు పరీక్ష.

2025 ఫిబ్రవరిలో కేంద్ర గనుల మంత్రిత్వశాఖ పలుగురాయిని, అభ్రకాన్ని, ఫెల్స్పార్‌ను, ముగ్గురాయిని చిన్నతరహా ఖనిజాల జాబితా నుంచి తొలగించి ప్రధాన ఖనిజాలుగా ప్రకటించింది. నెల్లూరు గనులకూ ఇది వర్తిస్తుంది. పలుగురాయి విషయంలో ఇందుకు మంత్రిత్వశాఖ చెప్పిన కారణం పలుగురాయి విలువ కాదు. అవి దొరికే శిలల్లోనే లిథియం, నయోబియం, టాంటలం వంటి కీలక లోహాలు కూడా ఉండవచ్చునని.